దయానందం ఊబి

చెప్పును బురదలో ఎంత లోతుకు దించాలో దయానందానికి బాగా తెలుసు. మరీ పైన ఉంటే ఎవరో పారేసిపోయారనుకుంటారు. మరీ లోపలికి పోతే అసలు కనపడదు. వేళ్ళ వైపు బురదలో కూరుకుపోవాలి, మడమ వైపు పైకి లేవాలి, నీలం పట్టీ ఒకటి ఊడి బయట పడి ఉండాలి. చూసినవాడు ఆ చెప్పులో ఒక కాలును, ఆ కాలి మీద ఒక మనిషిని, ఆ మనిషి వేసిన ఆఖరి కేకను తనకు తానే ఊహించుకోవాలి. మిగతా పని వాడి భయమే చేసిపెడుతుంది.

మోకాళ్ళ మీద కూర్చుని, చెప్పుకు కట్టిన తాడును బురదలో పాతిన మడపుల్లకు రెండు చుట్లు చుట్టి ముడేశాడు. ఈ ముడి లేకపోతే మొదటి పోటుకే చెప్పు సముద్రంలో తేలుతుంది. రెండు దోసిళ్ళ వండ్రుమట్టి పైన పోసి అరచేత్తో సర్దాడు. వెనక్కి జరిగి ఒక కన్ను మూసి చూశాడు. బాగానే మునిగాడు అనుకున్నాడు, లేని ఆ మనిషి గురించి.

అక్కడ ఊబి లేదు. ఎప్పుడూ లేదు. పాయ ఒడ్డు నుంచి దిబ్బ దాకా వంద అడుగుల మేర నాలుగు వేళ్ళ మందాన వండ్రు ఉంటుంది, అంతే. దాని కింద ఎద్దుబండి తోలినా దిగబడనంత గట్టి నేల. కానీ పద్నాలుగేళ్ళ కిందట, ఎనభై తొమ్మిదిలో, దయానందం దాన్ని ఊబి అన్నాడు. నాగాయలంక అవతల ఈ మడ అడవిలో దయానందం మాట కాదనడానికి ఎవరికీ అడవి తెలియదు. చేపలవాళ్ళు నమ్మారు, పీతలవాళ్ళు నమ్మారు, మూడేళ్ళకొకసారి మారే ఆఫీసర్లు నమ్మారు. ‘దయానందం ఊబి’ అని దానికి పేరు కూడా పెట్టారు.

దిబ్బ మీద తిల్ల పొదలు దట్టంగా ఉంటాయి. తిల్ల పాలు కంట్లో పడితే చూపు పోతుందని ఎవరూ దాన్ని నరకరు. ఆ పొదల అడుగున బావురుపిల్లి ఏటా పిల్లల్ని పెడుతుంది. ఊరపిల్లికి రెండింతలుంటుంది. బూడిద రంగు ఒళ్ళు, నల్ల చుక్కలు. పాయ ఒడ్డున కూర్చుని పంజాతో నీళ్ళు తట్టి చేపను పడుతుంది. ఈ ఉదయం దయానందం చెప్పులు చేత పట్టుకుని వండ్రు దాటి, పొదకు ఇరవై అడుగుల దూరంలో ఆగి గొంతుక్కూర్చుని చూసి వచ్చాడు. రెండు పిల్లలు. తల్లి లేదు, వేటకు పోయింది. ఒక పిల్ల ఆయన్ను చూసి బుస్సుమంది. అరచేతిలో పట్టేంత లేదు, బుస్సుమంటుంది. దయానందానికి రోజంతటికీ అది చాలు.

పోటు తొమ్మిదింటికి ఎక్కుతుంది. గుడివాడ కాలేజీ వాళ్ళు తొమ్మిదింటి బస్సులో దిగుతారు. వాళ్ళు ఇక్కడికి చేరేసరికి ఆయన పాదాల గుర్తులన్నిటినీ నీళ్ళు కడిగేస్తాయి. ప్రతిసారీ లెక్క అదే. నీళ్ళు వచ్చే ముందు వెళ్ళాలి, నీళ్ళు తుడిచాక మనుషుల్ని తేవాలి. అడవిలో దారి వేయడం పెద్ద పనేం కాదు, ఎవడైనా వేస్తాడు. దారి మిగలకుండా నడవడమే ఆయన చేసే పని.

లేవబోతే ఎడమ భుజం కింద పట్టేసినట్టయింది. రాత్రి తిన్న ఎండు రొయ్యలు అనుకున్నాడు.

రేవు పక్కన రేకుల షెడ్డులో సౌభాగ్యమ్మ అప్పటికే పొయ్యి రాజేసింది. విద్యార్థులు వచ్చిన రోజున వంట ఆవిడదే. మొగుడు ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి బురదతో రావడం చూసి గరిటె ఆపింది.

"మళ్ళీ ఎడంకాలిదేనా?"

"దిగబడిపోయింది సౌభాగ్యం."

"ఏటా దిగబడద్ది. ఏటా ఎడందే దిగబడద్ది. ఇంట్లో చూరు కింద పద్నాలుగు కుడికాలి చెప్పులున్నయ్. కుడికాలోళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పు, సంబంధం చూద్దాం."

దయానందం నవ్వలేదు. మిగిలిన కుడి చెప్పును షెడ్డు గుంజకు కొట్టిన మేకుకు తగిలించాడు. చొక్కాకు మధ్య బొత్తాం లేదు, పిన్నీసు పెట్టుకున్నాడు. ఖాకీ చొక్కా. డెబ్భై ఏడు ఉప్పెన తరవాత మడ మొక్కలు నాటే కూలీగా వచ్చాడు. మొక్కలు చెట్లయ్యాయి, ఆయన కూలీగానే ఉన్నాడు. చొక్కా ఇచ్చారు, ఆర్డరు కాగితం ఇవ్వలేదు. ఇన్నేళ్ళలో ఆయన అడగని ఆఫీసరు లేడు, చూద్దాం అనని ఆఫీసరూ లేడు. యాభై తొమ్మిదేళ్ళ మనిషి. పొట్టి, ఎండిన ఒళ్ళు, పిక్కల నిండా మడవేళ్ళు గీసిన మచ్చలు. కాలివేళ్ళు విసనకర్రలా విడిపోయి ఉంటాయి. కుడికాలికి చిటికెన వేలు లేదు.

"కాసిని వాము నీళ్ళు ఇవ్వు," అన్నాడు. ఆవిడ ఇచ్చేలోపు కరకట్ట మీద హారన్ మోగింది.

బస్సు కాదు, వ్యాను. టైం ఏడున్నర.

"బస్సైతే లేటవుద్దని వ్యాను మాట్లాడాం దయానందం!" అంటూ కాంతారావు మాస్టారు దిగాడు. గుడివాడ కాలేజీలో జువాలజీ చెబుతాడు, ట్రెక్కింగ్ క్లబ్బు ఆయనే నడుపుతాడు. మంచి మనిషి. ఏటా పిల్లల్ని కొండలకు తీసుకువెళ్ళి, తిరిగి వచ్చేటప్పుడు వేరేవాళ్ళు పారేసిన ప్లాస్టిక్‌ను కూడా మూటగట్టించి దింపుతాడు. ఆయన వెనక పద్దెనిమిది మంది దిగారు. నుదుట మోపిదేవి విభూతి, వీపున బ్యాగులు, ఒకడి భుజాన నైలాన్ తాడు చుట్ట.

తాడున్నవాడి పేరు క్రాంతి కుమార్. దిగుతూనే నాలుగు దిక్కులా చూశాడు.

"ట్రెక్కింగ్ అన్నారు, కొండేది సార్? దివిసీమలో ఎత్తైన కొండంటే అవనిగడ్డ వాటర్‌ట్యాంకే కదా!"

అందరూ నవ్వారు. దయానందం నవ్వలేదు. ఆయన పాయ వైపు చూస్తున్నాడు. నీళ్ళు ఇంకా కిందనే ఉన్నాయి. ఒడ్డు మీద, దిబ్బ దాకా, తన కాళ్ళు పోయినవీ వచ్చినవీ అచ్చుగుద్దినట్టు ఉంటాయి.

ఎప్పుడూ మూడు ముక్కల్లో చెప్పేవాడు ఆ రోజు అరగంట మాట్లాడాడు. ఒకరి వెనక ఒకరు నడవాలి, నా అడుగులో అడుగెయ్యాలి అన్నాడు. పైకి పొడుచుకొచ్చినవి పుల్లలు కావు, మడచెట్టు ముక్కులు, వాటిని తొక్కితే చెట్టుకు ఊపిరాడదు అన్నాడు. బిస్కట్ కాగితాలు అందరివీ బయటికి తీయించి లెక్కపెట్టాడు. సెంటు కొట్టుకున్నవాళ్ళను కడుక్కు రమ్మన్నాడు. బూట్ల లేసులు విప్పించి మళ్ళీ కట్టించాడు. రెండేళ్ళ కిందట ఎవరో దారి తెలియడానికి చెట్లకు ఎర్రరంగు బాణాలు వేసిపోతే, ఆ బాణాలు పట్టుకుని తాబేలు గుడ్ల దొంగలు సముద్రపు ఒడ్డుకు వెళ్ళిన సంగతి మొదటి నుంచి చెప్పాడు.

"తాతగారు ఇవాళ హుషారుగా ఉన్నారు," అన్నాడు మాస్టారు.

"ఈయనకేదో అయింది," అంది సౌభాగ్యమ్మ, ఉల్లిపాయలు తరుగుతూ.

అయినా ఎనిమిదిన్నరకల్లా వాళ్ళు చీలిక దగ్గరికి వచ్చేశారు. ఎడమకు దిబ్బ. కుడికి పాయ వెంబడి చుట్టుదారి, సముద్రపు ఒడ్డు మీదుగా రెండు గంటలు. నీళ్ళు రాలేదు. దయానందం గుర్తులకు అడ్డంగా వెళ్ళి నిలబడ్డాడు.

"మాస్టారూ, కుడివైపు."

గళ్ళ కాగితం అతికించిన అట్ట, దిక్సూచి పట్టుకున్న అమ్మాయి ముందుకొచ్చింది. దీప్తి. క్లబ్బు కోసం ఈ అడవి మ్యాపు గీస్తున్నది ఆ అమ్మాయే. "సార్, ఎడమవైపు దిబ్బ మీదుగా వెళ్తే సముద్రం పావుగంటే. దారి గుర్తుపెడితే వచ్చేవాళ్ళందరికీ సులువు. మిగతా అడవిని తొక్కే పనుండదు."

"మంచి పాయింటే," అన్నాడు మాస్టారు. "ఏం దయానందం?"

"ఊబండీ అది. అదుగో చూడండి."

అందరూ చెప్పును చూశారు. నీలం పట్టీ గాలికి కదిలింది.

"ఎవరిది తాతా?" అన్నాడు క్రాంతి కుమార్.

"ఒకాయన. పీతలకొచ్చాడు. చెప్పొకటే దొరికింది."

"ఎప్పుడు?"

"నాలుగేళ్ళయింది."

"నాలుగేళ్ళు ఉప్పునీళ్ళల్లో నానిన చెప్పు ఇంత నీలంగా ఉందా! ఏ కంపెనీదో చెప్పు తాతా, నేనూ కొంటా." వాడు కిందపడ్డ కర్ర తీసి వండ్రులోకి పొడిచాడు. కర్ర నాలుగు వేళ్ళు దిగి టక్కుమని ఆగింది. "సార్! గట్టిగా ఉంది సార్ ఇక్కడ."

పద్నాలుగేళ్ళలో ఎవరూ కర్రతో పొడిచి చూడలేదు.

దయానందం ఆలోచించడానికి ఏమీ లేదు. కుడిపక్కన, పాయ మలుపులో, మూడు బారల దూరంలో ఒక గుంట ఉంది. అది మాత్రం నిజంగా మెత్తన. పోయిన వర్షాల్లో దాని లోతు గెడతో చూశాడు, నడుం దాకా వచ్చింది.

"అంచున గట్టిగానే ఉంటది బాబూ. అట్టాగే మోసపోతారు. చూడండి ఇప్పుడు," అని పక్కకు నడిచి గుంటలో కాలేశాడు.

బురద మోకాళ్ళు మింగింది. తొడలు మింగింది. నడుం దాకా చప్పుడు లేకుండా పోయాడు. అమ్మాయిలు కేకలు పెట్టారు. దయానందం చేతులు పైకెత్తి, "తాడు!" అని అరిచాడు. ఆ అరుపు నటన కాదు. నడుం దాటినా కాళ్ళకు అడుగు తగల్లేదు. ఆయన అనుకున్నదానికంటే గుంట లోతుగా ఉంది.

కొండల మీద వాడే తాడు చంకల కింద బిగిసింది. క్రాంతి కుమార్, ఇంకో ముగ్గురు లాగారు. మాస్టారు లాగాడు. బురద వదలదు, పైన వీళ్ళు వదలరు. మధ్యన ఆయన రొమ్ము. వడ్లబస్తా మీద వడ్లబస్తా వేసినట్టు బరువు వచ్చి కూర్చుంది. చివరికి చప్పుడు చేస్తూ బయటికి వచ్చి పడ్డాడు. వెల్లకిలా పడుకుని ఆకాశం చూశాడు. క్రాంతి కుమార్ మొహం పాలిపోయింది. తాడు ఇంకా వదల్లేదు.

"సారీ తాతా."

"కుడివైపు," అన్నాడు దయానందం.

ఇక అందరూ కుడివైపే నడిచారు. ఒడ్డు మీద తాబేలు పాకిన చారను దూరం నుంచే చూశారు. ఇసుకలో ఒక్క కాగితం వదల్లేదు. మంచి పిల్లలే.

దయానందం ఎప్పుడూ ముందు నడుస్తాడు. ఆ రోజు మాస్టారును ముందు పెట్టి తను వెనకబడ్డాడు. దీప్తి కూడా వెనకబడింది.

"తాతగారూ, మీ కుడికాలికి చిటికెన వేలు లేదు కదా."

"లేదమ్మా. ఆల్చిప్ప కోసి చీము పట్టింది. తీసేశారు."

"ఊబి మీద నడిచిన కాలికి కూడా లేదు."

దయానందం ఆగాడు.

"తాడు కొసను చెట్టుకు కట్టడానికి నేను అటువైపు వెళ్ళాను," అంది దీప్తి. "దిబ్బ దాకా అడుగులున్నాయి. పోయినవీ, వచ్చినవీ. నేనూ నాలుగడుగులు వేశాను. దిగబడలేదు. ఏముందక్కడ?"

అబద్ధం ఇంకొకటి చెప్పొచ్చు. కానీ ఆయన దగ్గర ఉన్నది ఒక్కటే, అది అయిపోయింది. అదీ కాక రొమ్ములో బరువు దిగడం లేదు. రేపు తనకేదన్నా అయితే ఆ చెప్పు సంగతి ఎవరికీ తెలియదన్న ఆలోచన మొదటిసారి వచ్చింది. ఇన్నేళ్ళూ దాచడం ఒకటే పనిగా పెట్టుకున్నాడు. ఎవరికైనా అప్పజెప్పాలని అనుకోలేదు.

చెప్పాడు. బావురుపిల్లి గురించి చెప్పాడు. ఎనభై తొమ్మిదిలో వేరే దిబ్బ మీద మూడు పిల్లల్ని చూసి, ఆనందం పట్టలేక పరిగెత్తి వెళ్ళి అప్పటి ఆఫీసరుకు చెప్పిన సంగతి చెప్పాడు. ఆ ఆఫీసరు సంతోషించి భుజం తట్టాడు. మర్నాడు తెలిసినవాళ్ళను తీసుకొచ్చాడు. కెమెరాలు తెచ్చారు. ఒకాయన పిల్లను ఎత్తుకుని ఫొటో దిగాడు, ముద్దు కూడా పెట్టుకున్నాడు. తల్లి మళ్ళీ రాలేదు. మేకపాలు దూదితో పట్టాడు. మూడు రోజులు, మూడు పిల్లలు.

"ఎవరూ తిట్టలేదమ్మా నన్ను. పైగా మెచ్చుకున్నారు. అదీ నా బాధ."

"మాకు చెప్పచ్చు కదా తాతగారూ. మేం అలాంటివాళ్ళం కాదు. కొండల్లో మేం పువ్వు కూడా కొయ్యం."

"వాళ్ళూ మంచోళ్ళేనమ్మా. ప్రేమతోనే ఎత్తుకున్నారు."

దీప్తి అట్టను గుండెకు హత్తుకుని నిలబడింది.

"ఆ బొమ్మ ఎన్ని ఊళ్ళకి పోద్దమ్మా?"

"నలభై క్లబ్బులకి పంపిస్తాం."

"నలభై ఊళ్ళ నించీ మంచోళ్ళే వస్తారు."

"నన్ను మ్యాపులో అబద్ధం రాయమంటారా?" దీప్తి గొంతు పెరిగింది. "ఎక్కడ ఏముందో ఉన్నది ఉన్నట్టు గీయాలనే ఇది నేర్చుకున్నాను. ఒక్కటి తప్పు రాస్తే మిగతాదంతా ఎవరు నమ్ముతారు?"

"రాయమని నేనెట్టా అంటాను. చదువుకున్నారు మీరు."

ఆ అమ్మాయి విసురుగా ముందుకు వెళ్ళిపోయింది. దయానందం ఆ వీపు వైపు చూస్తూ నడిచాడు. ఇన్నేళ్ళూ కాపాడింది ఇప్పుడు ఆ అట్ట మీద, పెన్సిలు మొనలో ఉంది. లాక్కుని పాయలో పారేస్తే? పారేసినా ఆ పిల్ల తలలో ఉంటుంది. కాళ్ళు బరువయ్యాయి. అయినా ఆగలేదు. వెనకవాడు ఆగితే ఎవరో ఒకరు చూడడానికి వెనక్కి వస్తారు, అడవిని రెండోసారి తొక్కుతారు.

షెడ్డుకు చేరేసరికి ఒంటిగంట. సౌభాగ్యమ్మ అందరికీ ఆకులు వేసింది. పప్పుచారు, పీతల కూర, పీతలు తిననివాళ్ళకు దోసకాయ పచ్చడి. క్రాంతి కుమార్ రెండుసార్లు అన్నం పెట్టించుకుని, "అవ్వా, ఈ కూర కోసం ఊబిలో దిగమన్నా దిగుతా," అన్నాడు.

"నువ్వు దిగితే తాడు తెగుద్ది నాయనా," అంది సౌభాగ్యమ్మ.

దయానందం ఆకు ముందు కూర్చోలేదు. గుంజకు వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని ఉన్నాడు. బురద ఎండి చర్మం మీద బీటలు వారింది. ఆవిడ రెండుసార్లు పిలిచింది. తరవాత తింటానన్నాడు.

వ్యాను దగ్గర బ్యాగులు సర్దుతుంటే దీప్తి వచ్చి ఆయన ముందు గొంతుక్కూర్చుంది. అట్ట ఆయన ఒడిలో పెట్టింది. ఆయనకు చత్వారం, అక్షరాలు అలుక్కుపోయినట్టున్నాయి. ఆ అమ్మాయి వేలు పెట్టి చూపించింది. చీలిక, పాయ, చుట్టుదారి. దిబ్బ ఉండవలసిన చోట దిబ్బ లేదు. అడ్డగీతలు గీసి ఉన్నాయి, వాటి మధ్య రెండే అక్షరాలు.

"ఏం రాశారమ్మా?"

"ఊబి."

దయానందం ఆ రెండక్షరాల మీద బొటనవేలు పెట్టి కాసేపు తియ్యలేదు. బురద ముద్ర పడింది. దీప్తి తుడవలేదు.

"లోతు కూడా రాయాలి తాతగారూ. ఎంత రాయమంటారు? మనిషి లోతు?"

ఆయన ఆలోచించాడు.

"రెండు మనుషుల లోతు రాయండమ్మా. పొడుగోళ్ళు ఎవరన్నా వస్తారేమో."

దీప్తి నవ్వింది. ఆ రోజంతటిలో దయానందం కూడా అప్పుడే నవ్వాడు. పై పన్ను ఒకటి లేదు ఆయనకు.

వ్యాను కరకట్ట ఎక్కి అవనిగడ్డ వైపు తిరిగే దాకా చూశాడు. సౌభాగ్యమ్మ గిన్నెలు తోముతూ ఆ పిల్లల గురించి ఏదో చెబుతూనే ఉంది. ఆకులన్నీ వాళ్ళే ఎత్తారట, ఒక్క మెతుకు కింద పోయలేదట. నీళ్ళు పొయ్యి మీద పెట్టాను, ఆ బురద కడుక్కోవయ్యా అంది. జవాబు లేదు. గిన్నె కడగడం అయిపోయాక టీ పట్టుకుని వచ్చింది. గుంజకు ఆనుకున్నవాడు ఆనుకున్నట్టే ఉన్నాడు. కళ్ళు పాయ వైపు ఉన్నాయి. పోటు పూర్తిగా ఎక్కి మళ్ళీ తీస్తోంది. ఆవిడ టీ గ్లాసు కింద పెట్టి, చొక్కా పిన్నీసు ఊడదీసి, రొమ్ము మీద చెయ్యి వేసి, చాలాసేపు అలాగే కూర్చుంది.

మర్నాడు ఆదివారం. ఆరాధన అయ్యాక పాస్టరుగారు ప్రార్థన చేశారు, పేట మనుషులు మోశారు. ఆఫీసు నుంచి ఎవరూ రాలేదు. రోజుకూలీ పోతే రావాలని రూలు లేదు.

మూడో రోజు పొద్దున్నే సౌభాగ్యమ్మ షెడ్డుకు వచ్చి మేకుకున్న కుడి చెప్పు తీసుకుంది. కొంగు బిగించి, మడచెట్ల ముక్కులు తొక్కకుండా, పాయ వెంబడి నడిచింది. పోటు రావడానికి ఇంకా అరగంట ఉంది. ఆ సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఏటా ఒక ఎడమ చెప్పు ఎటు పోతోందో కూడా ఎవరూ చెప్పలేదు. ముప్పై ఆరేళ్ళు ఆయన కాళ్ళ బురద కడిగిన మనిషికి చెప్పాలా?

చీలిక దగ్గర ఎడమ చెప్పు ఉంది. దాని పక్కనుంచి వండ్రు మీద చిన్న పంజా గుర్తులు పాయ దాకా పోయాయి. ఆవిడ వంగి వాటిని ఒక్కొక్కటిగా అరచేత్తో చెరిపేసింది. తరవాత మోకాళ్ళ మీద కూర్చుని, తాడు కట్టి, ముడేసి, కుడి చెప్పును కూడా దించింది. ఎంత లోతుకు దించాలో తెలియక కొంచెం పైకే ఉంచింది.

వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళింది. కాసేపటికి నీళ్ళు వచ్చి ఆవిడ అడుగులు తుడిచాయి. దిబ్బ వైపు తిరిగి, పక్కపక్కనే, ఎవరో గుమ్మం బయట విప్పి లోపలికి వెళ్ళినట్టు, ఆ నీలం పట్టీల చెప్పుల జత అక్కడే ఉంది.